జీన్ టెస్టు ప్యాకేజీలు: వైద్య ఖర్చు దేంతో తగ్గుతుంది, దేంతో పెరుగుతుంది

డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్ మీద ఫుల్ బాడీ చెకప్ బ్రోచర్ పక్కనే ఇప్పుడు జీన్ టెస్టు బ్రోచర్ కూడా ఉంటోంది. కాస్త ఉమ్మి ఇస్తే చాలు, రాబోయే జబ్బులు ముందే తెలిసిపోతాయి, ముందే తెలిస్తే ఆస్పత్రి ఖర్చు మిగులుతుంది అన్నది దాని సారాంశం. మొదటి మాటలో కొంత నిజముంది. రెండోది మాత్రం ఏ టెస్టు, ఎవరికి, రిపోర్టు వచ్చాక ఏం చేస్తారు అన్న దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో దొరికే సేవలను ఇక్కడ ఒకే కొలతతో చూస్తున్నాం: పెట్టిన డబ్బుకు వైద్య ఖర్చు ఎంత తగ్గుతుంది? యాప్ అందానికీ, రంగురంగుల గ్రాఫులకూ మార్కుల్లేవు. ధరలు ల్యాబును బట్టి మారతాయి, ఇక్కడివి ఉజ్జాయింపు.

హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష, సుమారు 800–1,500 రూపాయలు: పదికి 9

పేరులో జీను అన్న మాటే లేదు. అయినా మన దగ్గర నిజంగా డబ్బు మిగిల్చే జన్యు స్క్రీనింగ్ అంటే ముందు దీన్నే చెప్పుకోవాలి. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే ఈ పరీక్ష తలసీమియా క్యారియర్లను పట్టుకుంటుంది. తలసీమియా అంటే శరీరం హిమోగ్లోబిన్ సరిగా తయారుచేసుకోలేని వంశపారంపర్య జబ్బు, క్యారియర్ అంటే ఆ లోపమున్న జీను ఒక్క కాపీ మోసేవాళ్లు. దేశంలో నూటికి 3–4 మంది బీటా తలసీమియా క్యారియర్లు. వాళ్లకు జబ్బేమీ ఉండదు, మహా అయితే హిమోగ్లోబిన్ కాస్త తక్కువ. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు దాని తీవ్ర రూపమైన తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకు రెండేళ్లలోపే మొదలుపెట్టి 2–4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా లోపలికి చేరే ఐరన్ గుండెలో, లివర్‌లో పేరుకోకుండా రోజూ డెఫెరసిరాక్స్ లాంటి మందు వేయాలి. మూడు నెలలకోసారి ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ చూడాలి. బోన్ మారో మార్పిడికి కలిసే దాత దొరికినా ఖర్చు 10 లక్షల పైమాటే. కోల్ ఇండియా సంస్థ తన పథకం కింద ఒక్కో బిడ్డకు 10 లక్షల దాకా ఇస్తున్నది ఈ మార్పిడికే.

పరీక్ష సులువు. లావెండర్ మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 2 ఎం.ఎల్. రక్తం చాలు, పరగడుపున వెళ్లక్కర్లేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఆగాలి, లేకపోతే మెషీన్ దాత రక్తాన్నీ కలిపి చదువుతుంది. అదే ట్యూబులోంచి రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ కూడా చేయించాలి. సీబీపీ లేని హెచ్‌పీఎల్‌సీ సగం రిపోర్టే.

రిపోర్టు చేతికొచ్చాక ముందు సీబీపీ కాగితం తీయండి. ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 కంటే, ఎంసీహెచ్ (కణంలోని హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువుంటే ఎర్రకణాల సంఖ్య చూడండి. ఐరన్ లోపంలో కణం చిన్నదవుతుంది, సంఖ్యా తగ్గుతుంది. తలసీమియా క్యారియర్‌లో కణం చిన్నదే, సంఖ్య మాత్రం తరచూ 50 లక్షలు దాటుతుంది. ఎంసీవీని మిలియన్లలో ఉన్న ఆ సంఖ్యతో భాగించండి. 65 ను 5.6 తో భాగిస్తే 11.6 వస్తుంది. 13 కంటే తక్కువైతే అనుమానం తలసీమియా మీదికి, ఎక్కువైతే ఐరన్ లోపం మీదికి. కాకిలెక్క కంటే కాస్త మెరుగు, అంతే. తీర్పు చెప్పేది రెండో కాగితం, అంటే హెచ్‌పీఎల్‌సీ.

అందులో ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం వరస చూడాలి. 3.5 శాతం లోపుంటే సాధారణం. 4 దాటి 7 లోపు ఉండి, కణాలు కూడా చిన్నవైతే క్యారియర్. ఏకంగా 10 దాటిందంటే అది ఏ2 కాదు, మెషీన్ అదే విండోలో లెక్కేసిన హెచ్‌బీ-ఈ అనే మరో హిమోగ్లోబిన్ రకమని అనుమానించాలి. గొడవంతా 3.5కీ 3.9కీ మధ్యనే. ఐరన్ లోపం ఉంటే ఏ2 కొంత దిగుతుంది, కాబట్టి క్యారియర్ కూడా సాధారణంగా కనిపించవచ్చు. బీ12 లోపం ఉంటే కొంత ఎక్కుతుంది, అప్పుడు క్యారియర్ కానివాళ్లు అనవసరంగా కంగారు పడతారు. ఈ మధ్య అంకె వచ్చినప్పుడు ఐరన్, బీ12 సరిచేసి మళ్లీ చేయించడం పద్ధతి. గర్భిణి అయితే ఆగే వ్యవధి లేదు. వెంటనే భర్తకు చేయించాలి, ఆయనా అనుమానంగా ఉంటే ఇద్దరికీ డీఎన్‌ఏ పరీక్ష. ఆల్ఫా తలసీమియా క్యారియర్‌కు హెచ్‌పీఎల్‌సీ మామూలుగానే వస్తుందన్నది కూడా గుర్తుండాలి.

ఇప్పుడు లెక్క. నూటికి 4 మంది క్యారియర్లు, టెస్టు 800 రూపాయలు అనుకుందాం. తలసీమియా మేజర్ గర్భం ఒక్కటి కనిపించాలంటే 2,500 మంది గర్భిణులకు చేయాలి. అందులో 100 మంది క్యారియర్లు తేలతారు, వాళ్ల భర్తల్లో నలుగురు క్యారియర్లు ఉంటారు, ఆ నాలుగు జంటల్లో ఒక బిడ్డకు జబ్బు. గర్భిణుల పరీక్షలకు 20 లక్షలు, భర్తలకు 80 వేలు, నాలుగు జంటలకు డీఎన్‌ఏ, గర్భస్థ పరీక్షలు కలిపి ఒకటిన్నర లక్ష వేసుకుంటే మొత్తం 22 లక్షల పైచిలుకు. వైద్యం ఏడాదికి లక్ష అని తక్కువలో వేసినా 30 ఏళ్లకు 30 లక్షలు. మిగులుతుంది గాని బొటాబొటిగా.

ఇక్కడే చిన్న మెలిక ఉంది. గర్భిణులకు సీబీపీ ఎలాగూ చేస్తారు. అందులో కణాలు చిన్నవిగా ఉన్నవాళ్లకే హెచ్‌పీఎల్‌సీ చేస్తే, వాళ్లు మూడో వంతు అనుకున్నా గర్భిణుల పరీక్షల ఖర్చు 20 లక్షల నుంచి 7 లక్షల లోపుకి దిగుతుంది. మొత్తం 9 లక్షల చుట్టూ ఆగుతుంది. సీబీపీ మెషీన్ కూడా లేనిచోట నెస్ట్రాఫ్ట్ అనే తేలిక పరీక్ష ఉంది: 0.36 శాతం ఉప్పు ద్రావణంలో ఒక చుక్క రక్తం వేసి అరగంట ఆగి, వెనక కాగితం మీద గీసిన గీత కనిపిస్తుందో లేదో చూడటమే.

ఇదే లెక్కను క్యారియర్లు నూటికి 2 మందే ఉన్న జనాభాలో వేయండి. క్యారియర్లు సగమైతే ఖర్చు రెట్టింపు కాదు, నాలుగింతలు. ఒక్క గర్భం కనిపించడానికి 10,000 మందికి చేయాలి, ఎందుకంటే భార్య వైపు సగం, భర్త వైపూ సగం. ఒక దేశంలో ఆదా అయిన పథకం ఇంకో దేశంలో ఎందుకు బోల్తా కొడుతుందో ఈ ఒక్క గుణకారం చెబుతుంది. సైప్రస్‌లో సుమారు ఏడుగురిలో ఒకరు క్యారియర్. ఏమీ చేయకుండా వదిలేస్తే నలభై ఏళ్లలో తలసీమియా పిల్లల వైద్యానికే దేశ ఆరోగ్య బడ్జెట్ అంతా పోతుందని 1970ల్లో అక్కడ లెక్క తేలింది. అందుకే స్క్రీనింగ్‌ని అంత గట్టిగా అమలు చేశారు. ఇటలీలోని సార్డీనియాలో అదే దశకంలో మొదలుపెడితే, 250 కాన్పులకు ఒకటిగా ఉన్న తలసీమియా మేజర్ జననాలు 4,000కు ఒకటికి తగ్గాయి.

పుట్టని బిడ్డ వైద్యాన్ని ఆదా ఖాతాలో వేయడం ఎవరికైనా మింగుడుపడని లెక్కే. పరీక్ష తర్వాత ఏం చేయాలన్నది ఆ దంపతుల ఇష్టం, కౌన్సెలర్ పని వివరాలు చెప్పడం వరకే. ఆ వివరాలు సమయానికి అందాలి మరి. మాయ నుంచి ముక్క తీసే సీవీఎస్ 11–13 వారాల్లో, ఉమ్మనీరు పరీక్ష 16 వారాల తర్వాత చేస్తారు. అప్పటికే ఇద్దరి జన్యు మార్పూ తెలిసి ఉంటేనే ఆ ముక్కలో ఏం వెతకాలో ల్యాబుకు తెలుస్తుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఐవీఎస్ 1-5 అనే మార్పు. దాంతో కలిపి ఐదు మార్పులు చూస్తే చాలామంది క్యారియర్లు తేలిపోతారు కాబట్టి డీఎన్‌ఏ పరీక్ష మరీ ఖరీదైపోదు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ), నిమ్స్ లాంటిచోట్ల జెనెటిక్స్ నిపుణులున్నారు. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టం 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని వర్గాలకు 24 వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం అడుగుతుంది. ఆపైన తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు చూస్తుంది.

ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, ఈ సేవ చెడేది ల్యాబులో కాదు, ల్యాబు బయట. ఎంసీవీ 66 కనిపించగానే రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాసేస్తారు. మూడు నెలలయ్యాక పెరగలేదని హెచ్‌పీఎల్‌సీ రాస్తారు. అప్పటికి ఐదో నెల దాటిపోతుంది. భర్త దుబాయ్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు, ఆయన రక్తం వచ్చేసరికి ఏడో నెల. పెట్టిన ఖర్చంతా వృథా. 8–10 వారాల్లో మొదటి చెకప్‌కే సీబీపీ, అనుమానముంటే ఇద్దరికీ ఒకే రోజు హెచ్‌పీఎల్‌సీ, అదీ పద్ధతి. భర్త దూరంగా ఉంటే ఉన్నచోటే ఏ ల్యాబులోనైనా చేయించి రిపోర్టు పంపితే చాలు.

మేనరికాల దగ్గర గుణకారం మారిపోతుంది. భార్య క్యారియర్ అని తేలితే బయటి సంబంధం భర్త క్యారియర్ అయ్యే అవకాశం నూటికి 4. బావామరదళ్లైతే కనీసం ఎనిమిదింట ఒకటి. మేనమామను చేసుకుంటే కనీసం నాలుగింట ఒకటి. అలాగే ఒక క్యారియర్ దొరికాక ఆమె అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు చేస్తే ఇద్దరిలో ఒకరు క్యారియర్ అయ్యే అవకాశముంది. ఊరంతటికీ చేస్తే ఇరవై అయిదు మందిలో ఒకరు. ఒక క్యారియర్ నుంచి చుట్టాల వైపు వెళ్లే ఈ పద్ధతిని మించిన చవక స్క్రీనింగ్ లేదు. ఏ ల్యాబూ దీనికి ప్యాకేజీ పెట్టదు. చవక కదా!

సికిల్ సెల్ స్క్రీనింగ్, ప్రభుత్వం ఉచితంగా: పరీక్షకు 8, తర్వాతి పనికి జిల్లాను బట్టి

సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తజబ్బు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. ఆంధ్ర, తెలంగాణలూ అందులో ఉన్నాయి. పాడేరు, ఉట్నూరు వైపు ఆరోగ్య కార్యకర్తలు చేసేది ఈ పనే.

మొదటి మెట్టు సాల్యుబిలిటీ టెస్టు. చిన్న ట్యూబులో రసాయన ద్రావణం పోసి వేలి నుంచి తీసిన రక్తం కలుపుతారు. కొన్ని నిమిషాలాగి ట్యూబు వెనక నల్లగీతల కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే నెగటివ్. మజ్జిగలా మసకేసి గీతలు మాయమైతే పాజిటివ్. పాజిటివ్ అంటే క్యారియరో, రోగో ఈ ట్యూబు చెప్పలేదు, అది హెచ్‌పీఎల్‌సీ చెప్పాలి. ఆరు నెలల లోపు పిల్లల్లో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువుండి తప్పుడు నెగటివ్ వస్తుంది. రక్తం బాగా తక్కువున్నా, ఈ మధ్యే ఎక్కించుకున్నా అదే తప్పు. రసాయనం పాతబడినా అంతే, అందుకే ప్రతి బ్యాచ్‌తో పాటు తెలిసిన పాజిటివ్, నెగటివ్ రక్తాలు ఒక్కోటి నడపాలి. వేలి చుక్కతోనే క్యారియర్‌నీ, రోగినీ విడదీసి చెప్పే స్ట్రిప్ టెస్టులు పసిపిల్లలకు మేలు.

ఇక్కడ ఖర్చు తగ్గించేది టెస్టు కాదు, టెస్టు తర్వాత దొరికే మందు. రోగి అని తేలిన పసిబిడ్డకు అయిదేళ్లొచ్చేదాకా రోజూ రెండుసార్లు పెన్సిలిన్, న్యుమోకాకల్ టీకా, హైడ్రాక్సీయూరియా ఇస్తే ఒళ్లు నొప్పులతో ఆస్పత్రిలో చేరడం, రక్తం ఎక్కించుకోవడం తగ్గుతాయి. హైడ్రాక్సీయూరియా కిలోకు 10 మి.గ్రా. నుంచి మొదలుపెడతారు. క్యాప్సూల్ ఖరీదు ఒకటి రెండు కప్పుల టీ ఖరీదు. అది పీహెచ్‌సీలో నెలనెలా దొరికి, అక్కడే సీబీపీ చూస్తుంటే ఈ పథకం డబ్బు మిగులుస్తుంది. మందు కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కాల్సి వస్తే, కూలి పోగొట్టుకుని ఎన్ని నెలలు తిరుగుతారు? అప్పుడు ఇంట్లో మిగిలేది పరీక్ష ఫలితం రాసిచ్చిన స్టేటస్ కార్డొక్కటే.

వందల జీన్ల క్యారియర్ ప్యానెల్, మనిషికి 10,000–25,000 రూపాయలు: అందరికీ 4, కొందరికి 8

పెళ్లికి ముందు, లేదా గర్భానికి ముందు వందలాది జబ్బుల జీన్లు ఒకేసారి చూస్తామనే ప్యాకేజీ ఇది. మేనరికం జంటకు, ఇంతకుముందు కారణం తెలియకుండా బిడ్డను పోగొట్టుకున్న జంటకు ఉపయోగం ఉంది. అలాంటివేమీ లేని బయటి సంబంధం జంటకు పెట్టిన 30–40 వేలూ చాలాసార్లు ఏ నిర్ణయాన్నీ మార్చవు.

కొనేముందు మూడు సంగతులు అడగాలి. కండరాలు బలహీనపడే జన్యుజబ్బు ఎస్‌ఎంఏని విడిగా, జీను కాపీలు లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ పద్ధతిలోనో, దానికి సమానమైన పద్ధతిలోనో చూస్తారా? ఎస్‌ఎంఏకి జీన్ థెరపీ మందు ఒక్క డోసే 16 కోట్ల చుట్టూ ఉంటుంది కాబట్టి అడగాల్సిందే. ఆ జీను రెండు కాపీలూ ఒకే క్రోమోజోమ్ మీద ఉన్న కొద్దిమంది క్యారియర్లు ఆ టెస్టుకూ దొరకరు. ప్యానెల్‌లో తలసీమియా ఉందని హెచ్‌పీఎల్‌సీ మానేయమంటారా? అంటే ఆ ల్యాబుకు దణ్ణం పెట్టి వచ్చేయండి, పెద్ద డిలీషన్లు, అంటే జీనులో పెద్ద ముక్కే ఎగిరిపోయినవి, ప్యానెల్ చేతికి చిక్కకపోవచ్చు. అర్థం తేలని మార్పులు, అంటే వీయూఎస్‌లు, రిపోర్టులో రాస్తారా? క్యారియర్ స్క్రీనింగ్‌లో రాయకపోవడమే మంచిది. మన జనాభా డీఎన్‌ఏ సమాచారం ప్రపంచ డేటాబేసుల్లో తక్కువ కాబట్టి మనకు వీయూఎస్‌లు ఎక్కువ పడతాయి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచాక ఈ కష్టం మెల్లగా తగ్గాలి.

ఇంట్లో జబ్బు పడ్డ బిడ్డ ఉంటే ప్యానెల్ కంటే ముందు ఆ బిడ్డకే ఎక్సోమ్ (ప్రొటీన్లు తయారుచేసే జీన్ల భాగాలన్నీ ఒకేసారి చదివే పరీక్ష) చేయించాలి. ఏ మార్పు వెతకాలో తెలిశాక చుట్టాలందరికీ కొద్ది ఖర్చుతో ఆ ఒక్కటే చూడొచ్చు. బిడ్డ దక్కే ఆశ లేదని డాక్టర్లు చెప్పినప్పుడు 2 ఎం.ఎల్. రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి దాచమని అడగడం ఆ సమయంలో ఎవరికీ తోచదు. డాక్టరే గుర్తుచేయాలి. ఆ ట్యూబు లేకపోతే తర్వాతి కాన్పుకు చీకట్లో రాళ్లేయడమే.

ఉమ్మితో చేసే వెల్‌నెస్ జీన్ రిపోర్టు, 5,000–15,000 రూపాయలు: 2

షుగర్, గుండెజబ్బు, బట్టతల, కాఫీ పడుతుందా లేదా. షుగర్ రిస్కు ఎక్కువని వస్తే ఏం చేస్తారు? బరువు తగ్గమంటారు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూసుకోమంటారు. తక్కువని వచ్చినా చెప్పేది అదే. కొన్ని వందల రూపాయల హెచ్‌బీఏ1సీ నేరుగా చెప్పే సంగతికి ఇంత ఎందుకు?

తప్పుడు ధీమా దీనిలో పెద్ద లోపం. అమెరికాలో 2018లో ఒక కంపెనీకి నేరుగా జనానికి అమ్మే బీఆర్‌సీఏ టెస్టుకు అనుమతి వచ్చింది. బీఆర్‌సీఏ1, 2 అనేవి చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే రెండు జీన్లు. ఆ టెస్టు చూసేది అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న) యూదుల్లో ఎక్కువగా ఉండే మూడు మార్పులనే. ఆ రెండు జీన్లలో జబ్బు తెచ్చే మార్పులు వేలల్లో ఉన్నాయి. తెలుగమ్మాయికి అందులో క్లియర్ అని వస్తే దాదాపు ఏమీ తేలనట్టే.

రెండో లోపం వెంటబడే ఖర్చు. దక్షిణాసియా వాళ్లలో నూటికి 4 మందికి ఎంవైబీపీసీ3 అనే గుండె కండరాల జీన్‌లో 25 అక్షరాల ముక్క ఉండదు. దానికీ గుండెజబ్బుకూ సంబంధముందని 2009లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం చెప్పింది. ఆ ముప్పులో ఎక్కువ భాగం దాంతో పాటు కొందరికే వచ్చే మరో మార్పుదని తర్వాతి పరిశోధనలు సూచించాయి. రిపోర్టులో మాత్రం ఎర్రరంగు పడితే ఎకో, రోజంతా గుండె లయ నమోదు చేసే హోల్టర్, కార్డియాలజిస్టు, ఏటేటా మళ్లీ ఎకో. లక్ష మందికి చేస్తే అలాంటివాళ్లు నాలుగు వేలమంది. ఆస్పత్రి బిల్లులు తగ్గించే సంగతి దేవుడెరుగు.

మంచి టెస్టే అందరికీ చేస్తే?

బీఆర్‌సీఏ, లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు లాంటి క్యాన్సర్ల ముప్పు పెంచేది), వంశపారంపర్య కొలెస్ట్రాల్ మూడూ గట్టి ఆధారాలున్న జన్యు జబ్బులు. అమెరికాలో 30 ఏళ్ల వాళ్లు లక్ష మందికి, ఒక్కొక్కరికి 250 డాలర్ల చొప్పున ఈ మూడు స్క్రీన్ చేస్తే ఏమవుతుందో 2023లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. క్యాన్సర్లు 101, గుండెపోటు లాంటివి 15 తగ్గుతాయి. ఆరోగ్యంగా గడిచే 495 ఏళ్లు కలిసొస్తాయి. ఖర్చు మాత్రం తగ్గదు, నికరంగా 3.39 కోట్ల డాలర్లు పెరుగుతుంది. టెస్టుల బిల్లు 2.5 కోట్లే కాబట్టి, టెస్టు ఉచితంగా చేసినా ఆ తర్వాతి స్కాన్లు, ఆపరేషన్లు, ఏటేటా చెకప్‌ల వల్ల ఖర్చు ఎక్కువే. ఆరోగ్యకరమైన ఒక్కో ఏడాదికి 68,600 డాలర్లు పడితే అమెరికా లెక్కలో అది గిట్టుబాటు. గిట్టుబాటు వేరు, ఆదా వేరు. బ్రోచర్లు ఈ రెంటినీ ఒకటే చేసి చూపిస్తాయి.

మన దగ్గర ఇలాంటివాటికి దగ్గరి దారులున్నాయి. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 190 దాటి, తండ్రికో బాబాయికో చిన్నవయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే ముందు ఆ మనిషికి పరీక్ష, తేలితే తర్వాత తోబుట్టువులకు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ విషయంలోనూ ముందు జబ్బు వచ్చినవాళ్లకు, తర్వాత కూతుళ్లకు, చెల్లెళ్లకు.

పైసా ఖర్చు లేని స్క్రీనింగ్ కూడా ఒకటుంది. వైశ్య కుటుంబాల్లో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలుగా వీళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు సక్సినైల్‌కోలిన్ వాడితే మాత్రం కొన్ని నిమిషాల్లో తిరిగి రావాల్సిన కండరాల బలం గంటలు గడిచినా రాదు. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉండాలి, చిన్న ఆపరేషన్‌కు ఐసీయూ బిల్లు తోడవుతుంది. దీనికి జీన్ టెస్టు అక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత తెలివి, ఊపిరి రావడం ఆలస్యమైందా అని అడిగితే చాలు. ఆపరేషన్‌కు ముందు సూడోకోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేస్తే తేలిపోతుంది, మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. అత్యవసర సిజేరియన్ రాత్రి రెండింటికి ఇది గుర్తురాదు కాబట్టి, తేలినవాళ్లు ఆ రిపోర్టు జిరాక్స్ చెకప్ ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోవాలి.

డబ్బు కట్టేముందు ఇన్సూరెన్స్ సంగతి కూడా చూడండి. జన్యు జబ్బు అన్న ఒక్క సాకుతో క్లెయిమ్‌లు తిరస్కరించడాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది, ఆ వెంటనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకు ఆదేశాలిచ్చింది. అయితే జీన్ రిపోర్టు వల్ల వివక్ష చూపకూడదని అమెరికాలో ఉన్నలాంటి ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. కొత్త పాలసీ ఫారంలో ఇంతకుముందు చేయించిన పరీక్షల గురించి అడిగితే నిజమే రాయాలి. కాబట్టి పాలసీ ముందు తీసుకోండి, వెల్‌నెస్ రిపోర్టు మోజు ఇంకా తీరకపోతే ఆ తర్వాత. ఉమ్మి ట్యూబు కొరియర్‌కు ఇచ్చేముందు డేటా ఎన్నాళ్లుంచుతారో, చెరిపేయమంటే చెరుపుతారో రాతపూర్వకంగా తీసుకోండి. ఉమ్మితో జీన్ రిపోర్టులిచ్చే అమెరికా కంపెనీ 23అండ్‌మీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసినప్పుడు కోటిన్నర దాకా ఉన్న దాని కస్టమర్లు తమ డీఎన్‌ఏ ఎవరి చేతికి పోతుందోనని వెబ్‌సైట్‌లో డిలీట్ బటన్ వెతుక్కున్నారు.